ప్రశ్నలూ జవాబులూ: రోగి వర్ణం, విద్యార్థి చూపు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వైద్యం, నర్సింగ్, ఫార్మసీ చదువుతున్నవారివే. రోగి జాతిని బట్టి, భాషను బట్టి, ఒంటి రంగును బట్టి తమ చూపు మారుతోందా అని కొందరు తమను తామే అనుమానించుకున్నారు. తమ పైవారి చూపు మారడం కళ్ళారా చూశామని మరికొందరు రాశారు. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలు కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, నేను అమెరికాలో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. తరగతిలో భాగంగా మా చేత కంప్యూటర్ మీద ఒక పరీక్ష చేయించారు. తెల్లవారి ముఖాలు, నల్లవారి ముఖాలు, మంచి మాటలు, చెడ్డ మాటలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తుంటే వేగంగా మీటలు నొక్కాలి. చివరికి నాకు తెల్లవారి పట్ల ఓ మోస్తరు మొగ్గు ఉందని ఫలితం వచ్చింది. నేనే చామనచాయ మనిషిని. ఏనాడూ ఎవరినీ తక్కువగా చూడలేదు. ఆ ఫలితం చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. నేను జాత్యహంకారినా?

జవాబు: కాదని ఒక్క ముక్కలో చెప్పి పంపించవచ్చు గాని, అప్పుడు మీ ప్రశ్నలో ఉన్న అసలు సంగతి పక్కకు పోతుంది. మీరు చేసింది ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్టు. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, ఆయన సహచరులు 1998లో దీన్ని ప్రకటించారు. మీ మనసులో ద్వేషం ఎంత ఉందో అది కొలవదు. ఒక రకం ముఖాన్ని మంచి మాటతో జతచేయడానికీ, మరో రకం ముఖాన్ని అదే మాటతో జతచేయడానికీ మీ వేళ్ళకు పట్టే కాలంలోని తేడాను మాత్రం కొలుస్తుంది. అదే మనిషి కొన్ని వారాల తరువాత మళ్ళీ చేస్తే ఫలితం మారడం మామూలే. ఒక్కసారి చూసిన బీపీని పట్టుకుని ఎవరికీ జీవితాంతం మాత్రలు రాయము కదా, ఈ అంకెకూ అంతకు మించిన విలువ ఇవ్వనవసరం లేదు. పెద్ద గుంపుల మొగ్గును తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. ఒక మనిషి శీలాన్ని తేల్చడానికి పనికిరాదు.

2011లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులు 202 మంది మీద జరిగిన పరిశీలన ఒకటి అచ్చయింది. వారిలో 69 శాతం మందికి ఈ పరీక్షలో తెల్లవారి వైపు మొగ్గు కనిపించింది. అయితే అదే విద్యార్థులకు కాగితం మీద రోగుల కథలు ఇచ్చి నిర్ణయాలు అడిగినప్పుడు, ఆ మొగ్గుకూ వారి నిర్ణయాలకూ సంబంధం కనిపించలేదు. ఇది చదివి మీరు ఊపిరి పీల్చుకోవచ్చు గాని, పూర్తిగా కాదు. కాగితం మీది రోగి మూలగడు, మీ చేయి పట్టుకోడు, పక్క మంచం వాళ్ళు పిలవరు. తెల్లవారుజామున మూడు గంటలకు, ఇంకా ఆరుగురు ఎదురు చూస్తూ ఉన్నప్పుడు, తీరికగా ఆలోచించే మనసు కాకుండా అలవాటు పడిన మనసు పని చేస్తుంది.

‘నేనే చామనచాయ మనిషిని’ అన్నారు. ఆ మాట మనలను కాపాడదు. మన భాషనే ఒకసారి విని చూడండి. ‘పిల్ల నలుపైనా కళగల ముఖం’ అని మెచ్చుకోలుగానే అంటాం. ఆ ‘ఐనా’ అన్న రెండక్షరాలు చేసే పనే మీ వేళ్ళు మీటల మీద చేశాయి. ఆ ఫలితాన్ని నేరారోపణగా తీసుకోకండి. ఏ రోగి దగ్గర నేను తొందరగా తేల్చేస్తున్నాను అని చూసుకోవడానికి ఒక గుర్తుగా పెట్టుకుని, హాయిగా నిద్రపోండి.

ప్రశ్న: నేను వైద్య విద్య చివరి సంవత్సరంలో ఉన్నాను. ఎమర్జెన్సీ విభాగానికి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) నొప్పితో ఒక నల్లజాతి యువకుడు వచ్చాడు. నొప్పి ఎంత అంటే పదికి తొమ్మిది అన్నాడు. మా సీనియర్ రెసిడెంట్ బయటికి వచ్చి, ‘వీళ్ళంతా మత్తు మందు కోసం వస్తారు’ అన్నారు. కేసు షీటులో ‘నొప్పి తొమ్మిది అని అంటున్నాడు, ఫోను చూసుకుంటున్నాడు’ అని రాశారు. నొప్పి మందు మొదటి డోసు పడేసరికి రెండు గంటలు గడిచాయి. నేను నోరు మెదపలేదు. ఏమని ఉండవలసింది?

జవాబు: మీరు ఆ కేసు షీటులోని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి పంపడం వల్ల నా పని తేలికయింది. మొదట దాన్నే చూద్దాం. ‘నొప్పి తొమ్మిది’ అని రాయవచ్చు, లేదా ‘నొప్పి తొమ్మిది అని చెప్పాడు’ అని రాయవచ్చు. ‘అంటున్నాడు’ అన్నప్పుడు రాసినవారు నమ్మలేదని చదివేవారికి అర్థమైపోతుంది. ఆ పక్కనే ఫోను సంగతి పెట్టడం ఆ అపనమ్మకానికి సాక్ష్యం చూపించడం. ఏళ్ళ తరబడి ఈ నొప్పితో బతికేవారు ఫోను చూస్తారు, టీవీ చూస్తారు, పక్కవారితో నవ్వుతూ మాట్లాడతారు కూడా. మనసును మళ్ళించుకోవడం వాళ్ళు నేర్చుకున్న మొదటి చికిత్స. డ్యూటీ మారాక వచ్చే డాక్టరు రోగి ముఖం కన్నా ముందు ఆ షీటును చూస్తారు.

ఇది నా ఊహ కాదు. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు సరిగ్గా ఇలాంటి రోగినే, అంటే సికిల్ సెల్ నొప్పితో వచ్చిన 28 ఏళ్ళ యువకుణ్ణి ఊహించి రెండు కేసు షీట్లు తయారు చేశారు. వైద్య సమాచారం రెండింటిలోనూ ఒక్కటే. ఒకదానిలో మాటలు తటస్థంగా ఉన్నాయి, రెండోదానిలో అనుమానం ధ్వనిస్తుంది. వైద్య విద్యార్థులు, రెసిడెంట్లు కలిపి 413 మంది వీటిని చదివారు. అనుమానపు షీటు చదివినవారు రోగి పట్ల ఎక్కువ విముఖత చూపించారు, నొప్పికి తక్కువ చికిత్స రాశారు. ఒకరి నోటి మాట మరొకరి చేతిలో డోసుగా మారడం అంటే ఇదే.

ఇక నమ్మకాల సంగతి. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధనలో 222 మంది శ్వేతజాతి వైద్య విద్యార్థులకూ రెసిడెంట్లకూ కొన్ని వాక్యాలు ఇచ్చి, ఏవి నిజమో చెప్పమన్నారు. నల్లవారి చర్మం మందంగా ఉంటుందట, వారి నరాల చివరలకు స్పర్శ తక్కువట, వారి రక్తం తొందరగా గడ్డకడుతుందట. అన్నీ అబద్ధాలే. వారిలో సుమారు సగం మంది ఇలాంటివాటిలో కనీసం ఒకటైనా నిజం కావచ్చునన్నారు. మందపు చర్మం మాటను మొదటి సంవత్సరం వారిలో 40 శాతం, రెసిడెంట్లలో 25 శాతం నమ్మారు. శరీర నిర్మాణశాస్త్రం చదివి, శవాన్ని కోసి చూసి, పరీక్ష పాసైన తరువాత కూడా నలుగురిలో ఒకరన్నమాట! ఇలాంటి నమ్మకాలు ఎక్కువగా ఉన్నవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా కట్టారు, వారు సూచించిన చికిత్సలోనూ తప్పులు ఎక్కువగా దొర్లాయి. ఆ నమ్మకాలు లేనివారిలో అలా కనిపించలేదు. అందుకే ‘మనిషి మంచివాడా కాదా’ అన్న చర్చ నాకు అంతగా రుచించదు. మంచివాడి బుర్రలో ఒక తప్పు సంగతి ఉన్నా రోగికి జరిగే నష్టం అంతే.

ఈ తప్పుడు సంగతులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. లూసియానాకు చెందిన శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు 1851లో నల్లజాతి బానిసలకు రెండు రోగాలు అంటగట్టాడు. బానిసత్వం నుంచి పారిపోవాలనుకోవడం ఒక రోగమట. చర్మానికి స్పర్శ మందగించడం మరొకటట. కొరడా దెబ్బకు నొప్పి ఉండదని నమ్మడం ఎవరికి అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఆ నమ్మకానికి ఆనాడు వైద్యం ఒక లాటిన్ పేరు తగిలించి పత్రికలో అచ్చువేసింది. అలబామాలోని టస్కీగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను చికిత్స చేయకుండా గమనిస్తూ కూర్చున్నది ఆ దేశ ప్రజారోగ్య విభాగమే. 1940ల చివరికల్లా పెన్సిలిన్ అందరికీ అందుబాటులోకి వచ్చినా వారికి ఇవ్వలేదు. ‘ఈ రోగులు డాక్టర్లను ఎందుకు నమ్మరు’ అని వార్డులో విసుక్కునేవారికి ఈ నలభై ఏళ్ళ సంగతి తెలిసి ఉండాలి.

మీ సీనియర్ అన్న మాట దగ్గరకు వద్దాం. పాఠ్యప్రణాళికలో లేకుండా వరండాల్లో, డ్యూటీ గదుల్లో, రౌండ్ల మధ్య నేర్చుకునే చదువు ఒకటి ఉంటుంది. దాని బలం ఎంతో చెప్పే పరిశోధన 2015లో వచ్చింది. 49 అమెరికన్ వైద్య కళాశాలల్లో 3,547 మంది విద్యార్థులను చదువు మొదట్లోనూ చివర్లోనూ పరీక్షించి చూశారు. నల్లజాతి రోగుల గురించి పైడాక్టర్లు, రెసిడెంట్లు చులకనగా మాట్లాడటం విన్న విద్యార్థులలో పక్షపాతం పెరిగిన జాడలు కనిపించాయి. అంటే మీ సీనియర్ ఆ రోజు ఆ రోగికి మాత్రమే అన్యాయం చేసి ఊరుకోలేదు, మీకు ఒక పాఠం కూడా చెప్పారు. ఆ పాఠం మీకు మింగుడుపడలేదు కాబట్టే ఈ ఉత్తరం రాశారు.

ఏమనాలి అంటే, ఉపన్యాసం వద్దు. చివరి సంవత్సరం విద్యార్థి రెసిడెంటును అందరి ముందు నిలదీస్తే ఆ రోగికి డోసు ఇంకా ఆలస్యమవుతుంది. మీ చేతిలో గైడ్‌లైన్ ఉంది, దాన్ని వాడండి. సికిల్ సెల్ నొప్పితో వచ్చినవారికి గంటలోపల మొదటి డోసు పడాలని అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2020లో చెప్పింది. బ్రిటన్‌లోని గైడ్‌లైన్ అరగంట అంటుంది. ‘సర్, పేషెంటు వచ్చి నలభై నిమిషాలైంది, గంటలోపు మొదటి డోసు పడాలి కదా, ఆర్డరు సిద్ధం చేయమంటారా’ అంటే చాలు. అందులో నింద లేదు, గడియారం ఉంది. డోసు పడ్డాక, ఇద్దరే ఉన్నప్పుడు, ‘మత్తు మందు కోసం వస్తారని మీకు ఎందువల్ల అనిపించింది సర్’ అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి. జవాబు చెప్పడానికి ప్రయత్నించినప్పుడు ఆయన తన మాటను తానే మొదటిసారి వింటారు. మీ పేరుతో రాసే నోటులో మాత్రం ‘చెప్పాడు’ అనే రాయండి.

ప్రశ్న: మా నర్సింగ్ కోర్సులో ‘సాంస్కృతిక సామర్థ్యం’ అని ఒక పేపరు ఉంది. ఏ దేశంవారు నొప్పిని ఎలా చెప్పుకుంటారు, ఏ మతంవారు ఏది ఒప్పుకోరు అని పట్టికలు ఇచ్చి బట్టీ పట్టమంటున్నారు. నాకు మార్కులు బాగానే వస్తున్నాయి గాని, ఇది సరైన పద్ధతేనా?

జవాబు: మార్కులు తెచ్చుకోండి, పట్టికలను మరిచిపోండి. రోగి సంస్కృతిని పట్టించుకోవాలన్న ఆలోచనను నర్సింగ్‌లోకి తెచ్చినవారిలో మాడెలీన్ లైనింజర్ ముందువరసలో ఉన్నారు. 1950లలోనే ఆమె ఆ దారి వేశారు. ఆలోచన గొప్పది. దాన్ని పరీక్షకు అనువుగా కుదించడంలో చిక్కు వచ్చింది. ఫలానావారు ఇలా ఉంటారని చెప్పే పట్టిక, ‘వీళ్ళంతా ఇంతే’ అన్న వార్డు మాటకు ఇస్త్రీ చేసిన రూపం. 2017లో అమెరికాలో ఒక నర్సింగ్ పాఠ్యపుస్తకంలో అచ్చంగా ఇలాంటి నొప్పి పట్టికే ఉందని గొడవ జరిగింది, ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పి దాన్ని తొలగించారు.

మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు 1998లో రాసిన వ్యాసంలో ఒక చిన్న సంఘటన ఉంది. శస్త్రచికిత్స అయి కొన్ని గంటలే అయిన లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) స్త్రీ మూలుగుతూ ఉంది. అటుగా వచ్చిన లాటినో డాక్టరు, ఈమెకు నొప్పి బాగా ఉన్నట్టుందని నర్సుతో అన్నాడు. నర్సు ఆ మాటను తేలిగ్గా తీసేసింది. తాను చదువుకునే రోజుల్లో సంస్కృతుల మీద ఒక కోర్సు చేశాననీ, ఈ జాతివారు నొప్పిని ఉన్నదానికన్నా ఎక్కువగా చెప్పుకుంటారని తనకు తెలుసుననీ ఆమె జవాబు. ఆ నర్సు నల్లజాతి స్త్రీ. చదువు లేక జరిగిన తప్పు కాదిది, చదువు వల్ల జరిగిన తప్పు. అందుకే ఆ ఇద్దరూ ‘సామర్థ్యం’ బదులు ‘సాంస్కృతిక వినయం’ అన్నారు. సామర్థ్యం అంటే ఒకనాటికి పూర్తయ్యేది, సర్టిఫికెట్టు ఇవ్వగలిగేది. వినయం అలా పూర్తయ్యేది కాదు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీ జాతి నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ మరో అడుగు ముందుకు వేసి, సేవ భద్రంగా అందిందో లేదో తేల్చవలసింది సేవ చేసినవారు కాదు, అందుకున్నవారు అన్నారు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 1992లోనే దాన్ని పాఠ్యాంశంగా చేర్చింది.

మరి మంచం పక్కన ఏం చేయాలి? అడగాలి. మనోవైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లైన్‌మన్ 1970లలోనే ఇందుకు కొన్ని ప్రశ్నలు కూర్చిపెట్టారు. మీ జబ్బును మీరు ఏమని పిలుస్తారు? అది ఎందువల్ల వచ్చిందని మీకనిపిస్తోంది? ఇప్పుడే ఎందుకు మొదలైంది? దీనివల్ల మీకు అన్నిటికన్నా భయం కలిగిస్తున్నదేమిటి? ఎలాంటి చికిత్స జరగాలని అనుకుంటున్నారు? రెండు మూడు నిమిషాల పని. భయం గురించిన ప్రశ్న ఒక్కటైనా వదలకండి. షుగరు ఉన్న రోగి ‘ఇన్సులిన్ వద్దు’ అంటే మొండితనం అనుకుంటాం. ఇన్సులిన్ మొదలుపెట్టిన నెలకే తన తల్లి కాలు తీసేశారని, ఆ రెండింటికీ ముడిపెట్టుకున్నాడని అడిగితేనే తెలుస్తుంది. అది ఏ జాతి పట్టికలోనూ దొరకదు.

ప్రశ్న: మా చర్మవ్యాధుల పాఠాల్లో బొమ్మలన్నీ తెల్ల చర్మం మీదివే. ‘ఎర్రగా కందడం’, ‘నీలం తిరగడం’ అని రాసి ఉంటుంది. నల్లటి ఒంటి మీద అవి ఎలా ఉంటాయో ఎవరినీ అడగలేకపోతున్నాను.

జవాబు: ఈ అడగలేకపోవడాన్నే లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్య కళాశాలలో అప్పట్లో చదువుతున్న మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి పనిగా మార్చుకున్నాడు. నల్లటి, గోధుమరంగు చర్మాల మీద రోగ లక్షణాలు ఎలా కనిపిస్తాయో తన అధ్యాపకులిద్దరితో కలిసి చిత్రాలతో ఒక కరదీపిక తయారుచేసి 2020లో అందరికీ ఉచితంగా అందించాడు. వెతికి తెచ్చుకోండి.

ఈలోగా మీ చేతికి పని చెప్పండి. కాలి మీద సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరలకు సోకే ఇన్ఫెక్షన్) అనుమానం ఉంటే ఎరుపు కోసం వెతకకండి, ముదురు చర్మం మీద అది ఊదాగానో, మరింత నలుపుగానో, కొన్నిసార్లు ఏ మార్పూ లేనట్టుగానో ఉంటుంది. అరచేతి వెనుక భాగాన్ని ఒక కాలి మీద, వెంటనే రెండో కాలి మీద అదే చోట ఆనించి వేడిలో తేడా చూడండి. చర్మం బిగువు, వాపు, నొక్కితే నొప్పి చూడండి. ఆ తరువాత రోగినే అడగండి, ‘మీ చర్మం ఎప్పుడూ ఈ రంగులోనే ఉంటుందా’ అని. తన ఒంటిని రోజూ చూసుకునేది ఆ మనిషే. నీలం తిరగడాన్ని పెదవి లోపలివైపు, నాలుక మీద, కామెర్లను పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డు మీద, రక్తహీనతను కంటి కింది రెప్ప లోపల చూడాలి. చాలాకాలం పడుకుని ఉన్న రోగి వీపున, మడమల దగ్గర పుండు మొదలవుతోందా అన్నది కూడా కంటికన్నా ముందు చేతికే తెలుస్తుంది.

పరికరాన్ని నమ్మి ఊరుకుందామా అంటే, దానికీ ఇదే జబ్బు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ చర్మం గుండా వెలుగును పంపి లెక్క కడుతుంది, ముదురు చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. 2020లో మిషిగన్ పరిశోధకులు వెల్లడించిన లెక్క ఇది: మీటరు 92 నుంచి 96 దాకా చూపిస్తున్నా ధమని రక్తంలో అసలు ఆక్సిజన్ 88కి తక్కువ ఉండటం శ్వేతజాతి రోగుల కొలతల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం. మీటరు 94 అంటున్నా రోగి ఆయాసపడుతూ ఉంటే రోగి మాటే వినండి, ధమని నుంచి రక్తం నమూనా తీయించండి.

ప్రశ్న: ఫిజియాలజీ బోధిస్తాను. కిడ్నీ ఫార్ములాలో జాతిని తీసేశారు, సరే. అయితే జాతి అన్న మాటే క్లాసులో ఎత్తకూడదా? కొన్ని జబ్బులు కొన్ని జనాలలో ఎక్కువన్నది నిజం కాదా?

జవాబు: నిజమే. జాతిని దేనికి గుర్తుగా వాడుతున్నామన్నది అసలు ప్రశ్న. కిడ్నీ పనితీరును లెక్కగట్టే 2009 నాటి ఫార్ములా, క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి బయటికి పంపే వ్యర్థం) అదే ఉన్నా, రోగి నల్లజాతీయుడైతే ఫలితాన్ని దాదాపు 16 శాతం పెంచేది. దానివల్ల కిడ్నీ దెబ్బతిన్న మనిషి కాగితం మీద బాగున్నట్టు కనిపించేవాడు, మార్పిడి జాబితాలోకి ఆలస్యంగా చేరేవాడు. తల్లి తెల్లజాతి, తండ్రి నల్లజాతి అయితే ఏ లెక్క వేయాలన్న ప్రశ్నకు ఆ ఫార్ములా దగ్గర జవాబు లేదు. 2021లో జాతి లేని ఫార్ములా వచ్చింది. పాత లెక్క వల్ల నల్లజాతి రోగులు పోగొట్టుకున్న నిరీక్షణ కాలాన్ని సరిచేయాలని 2023 జనవరిలో అమెరికా ఆసుపత్రులకు ఆదేశాలు వెళ్ళాయి. క్లాసులో ఈ కథ పూర్తిగా చెప్పండి, తీసేశారని ఒక్క ముక్క చెప్పి ఊరుకోకండి.

దీని పక్కనే మరో ఉదాహరణ పెట్టండి. మూర్ఛకు వాడే కార్బమజెపీన్ కొందరిలో చర్మం ఊడిపోయేంత ప్రమాదం తెస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యురూపం ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువ, అది ఆసియాలోని అనేక జనాలలో కనిపిస్తుంది. అందుకే అలాంటి వంశమూలాలు ఉన్నవారికి మందు మొదలుపెట్టే ముందు జన్యుపరీక్ష చేయమని అమెరికా ఔషధ సంస్థ 2007లో చెప్పింది. ఇక్కడ వంశమూలం పరీక్ష దాకా తీసుకువెళుతుంది, నిర్ణయం పరీక్షది. కిడ్నీ ఫార్ములాలో నిర్ణయం కూడా రంగే చేసేసింది. సికిల్ సెల్‌ను నల్లవారి జబ్బుగా బోధించే అధ్యాపకులు ఇంకా ఉన్నారు. మలేరియా ఉన్న ప్రాంతాల వెంట పెరిగిన జన్యువు అది, మధ్యధరా తీరాల్లో, అరేబియాలో, భారతదేశంలో కూడా ఉంది. రంగును చూసి తోసిపుచ్చితే తెల్లగా ఉన్న రోగికి జబ్బు దొరకకుండా పోతుంది.

ప్రశ్న: రోగికి మా భాష రాదు. పక్కన పదేళ్ళ కొడుకు ఉన్నాడు, చక్కగా మాట్లాడతాడు. వాడి చేత చెప్పించుకుంటే తప్పేమిటి?

జవాబు: తల్లి గర్భస్రావం గురించి, తండ్రి క్యాన్సర్ గురించి పదేళ్ళవాడి నోట పలికించడం మొదటి తప్పు. వాడికి తెలియని మాటను వాడు దాటవేస్తాడు, అది మీకు తెలియదు. అదీ రెండో తప్పు. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ళ కుర్రవాడు స్పృహ తప్పితే, ఇంటివాళ్ళు స్పానిష్‌లో ‘ఇంటాక్సికాడో’ అన్నారు. తిన్నదేదో పడలేదని వాళ్ళ ఉద్దేశం. వైద్యులకు అది మత్తుమందు మోతాదు మించినట్టు వినిపించింది. మెదడులో రక్తస్రావాన్ని రెండు రోజులు గుర్తించలేదు, కాళ్ళూ చేతులూ పడిపోయాయి. శిక్షణ పొందిన దుబాసీని పిలవండి, కనీసం ఫోనులోనైనా. అప్పుడు కూడా రోగి ముఖంలోకే చూస్తూ మాట్లాడండి. ఒక్కో వాక్యం చెప్పి ఆగండి. చివర ‘అర్థమైందా’ అనకండి, ఎవరైనా ఔననే అంటారు. మందు ఎలా వేసుకుంటారో తిరిగి చెప్పమనండి.

ప్రశ్న: రోగుల సంస్కృతి గురించిన ఈ శిక్షణ తరగతుల వల్ల రోగులకు నిజంగా మేలు జరిగిందని రుజువుందా?

జవాబు: బలమైన రుజువు తక్కువ. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2014లో చేసిన సమీక్షకు దొరికిన సరైన ప్రయోగాలు 5 మాత్రమే, వాటి నాణ్యతా అంతంతమాత్రమే. విద్యార్థుల తెలివిడి, వైఖరి మారతాయని చెప్పేవి చాలా ఉన్నాయి గాని, వారు తమకు తామే వేసుకున్న మార్కుల మీద నాకు గురి లేదు. తరగతి కన్నా తరగతిలో ఎవరు కూర్చున్నారన్నది ఎక్కువ లెక్కలోకి వస్తుందని నా అభిప్రాయం. 1910లో వైద్య కళాశాలల ప్రమాణాల మీద ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చాక అమెరికాలో నల్లజాతివారి 7 వైద్య కళాశాలల్లో 5 మూతపడ్డాయి, హోవర్డ్, మెహారీ మిగిలాయి. ఆ లోటు ఈనాటికీ తీరలేదు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో జరిగి 2019లో అచ్చయిన ప్రయోగంలో, నల్లజాతి డాక్టరు ఎదురైనప్పుడు నల్లజాతి పురుషులు షుగరు, కొలెస్టరాల్ వంటి పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారు.

ప్రశ్న: నేను విదేశంలో నర్సింగ్ శిక్షణలో ఉన్నాను. ఒక పెద్దాయన నా చేయి తోసేసి, ‘మీవాళ్ళు నన్ను ముట్టుకోవద్దు, తెల్ల నర్సును పిలువు’ అన్నాడు. మా ఇన్‌చార్జ్ నన్ను పక్క వార్డుకు పంపి, ‘మనసులో పెట్టుకోకు’ అన్నారు. పెట్టుకున్నాను. రోగి సంస్కృతిని గౌరవించమంటారు కదా, ఇదీ గౌరవించాలా?

జవాబు: లేదు. జాత్యహంకారం సంస్కృతి కిందికి రాదు. అయితే మొదట చూడవలసింది ఆయన స్థితిని. ప్రాణం మీదికి వచ్చి ఉంటే ఎవరు దగ్గరుంటే వారు చేయవలసిందే, వాదన తరువాత. జ్వరంతోనో, డిమెన్షియాతోనో మతి నిలకడ లేని మనిషి మాటను మాటగా తీసుకోలేము. మగ నర్సు వద్దనే స్త్రీ వెనుక ఒక గాయం ఉండవచ్చు, ఆ కోరిక వేరు. ఇవేవీ కాక, తెలివిగా ఉండి, కేవలం రంగు చూసి వద్దన్నవారికి, ‘ఈమె మా నర్సు, ఈ పనిలో శిక్షణ పొందుతున్నది, ఈ వార్డులో సేవ ఇలాగే అందుతుంది’ అని చెప్పవలసింది మీరు కాదు, మీ ఇన్‌చార్జ్. ఆ మాట మీ ఎదుటే చెప్పాలి.

చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడదు. ఇండియానాలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం, నల్లజాతివారు వద్దన్న రోగి కోరిక ప్రకారం సిబ్బందిని కేటాయించడం ఉద్యోగ వివక్షేనని అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు 2010లో తేల్చింది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి, సిబ్బందిని జాతి పేరుతో వేధించే రోగికి, అత్యవసరం కాని చికిత్సను నిరాకరించే వీలు ఆసుపత్రులకు ఉంది.

మీ ఇన్‌చార్జ్ చెడ్డవారని నేను అనుకోవడం లేదు, గొడవ లేకుండా పూట గడవాలని చూసి ఉంటారు. కాని మిమ్మల్ని పక్క వార్డుకు పంపినప్పుడు ఆ గదిలో గెలిచింది ఎవరో మీకూ తెలిసింది, ఆ పెద్దాయనకూ తెలిసింది, చూస్తున్న తోటి విద్యార్థులకూ తెలిసింది. జరిగినదాన్ని తేదీ, సమయం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి, ఇన్‌చార్జ్‌కూ మీ కళాశాలలోని క్లినికల్ ట్యూటర్‌కూ ఇవ్వండి. ఇంకెవరికైనా ఇలా జరిగితే ఏం చేస్తారని రాతపూర్వకంగానే అడగండి. ఆ పెద్దాయన ఇంకా వార్డులోనే ఉంటే, మీ ఇన్‌చార్జ్‌తో కలిసి ఒకసారి ఆ గదిలోకి వెళ్ళి, మీ పేరు చెప్పి, ఆయన బీపీ చూడడానికి వచ్చానని చెప్పండి. ఆయన చేయి చాపకపోవచ్చు. అప్పుడు షీటులో ‘రోగి నిరాకరించారు’ అని సమయంతో సహా రాసి, తరువాతి మంచం దగ్గరకు వెళ్ళండి.